ఫలకతాడన శాస్త్రం

బల్లికి శాస్త్రం ఉంది. తలమీద పడితే ఏమిటో, ఎడమ భుజం మీద పడితే ఏమిటో ప్రతి పంచాంగంలోనూ అచ్చవుతుంది. కోడికి శాస్త్రం ఉంది. ఏ రంగు కోడి ఏ వేళ ఏ దిక్కు నుంచి బరిలోకి దిగితే గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రాన్ని సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లో పెద్దమనుషులు చంకలో పెట్టుకుని తిరుగుతారు. దొంగతనానికి సైతం శాస్త్రం ఉన్న దేశం ఇది. బల్లికుంది, కోడికుంది, దొంగకుంది. బల్లకు మాత్రం లేదు. శాసనసభల్లో, పార్లమెంటులో ప్రజాప్రతినిధులు ఇన్ని దశాబ్దాలుగా అరచేతులు కందిపోయేలా చరుస్తున్న బల్ల గురించి ఒక్క సూత్రమైనా లేకపోవడం పండితలోకానికి తలవంపులు. ఆ లోటు పూడ్చడానికే ఈ గ్రంథం.

మొదట్లోనే విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పడం ఆచారం కాబట్టి చెబుతున్నాను. విషయం: తమ నాయకుడు మాట్లాడుతుండగా సభ్యులు ముందున్న బల్లను చరచడం. పత్రికల్లో దీన్ని ‘బల్లలు చరిచి హర్షం వ్యక్తం చేశారు’ అని రాస్తారు. ప్రయోజనం: చరిచేవాడికి పదవి, చరిపించుకునేవాడికి ధైర్యం, వడ్రంగికి జీవనం. సంబంధం: నాయకుడికీ సభ్యుడికీ నడుమ ఉన్న ఆ చెక్క. అధికారి, అంటే ఈ శాస్త్రాధ్యయనానికి అర్హుడు: ఏదో ఒక పార్టీ బీ ఫారం మీద గెలిచినవాడు. ఇండిపెండెంటుకు ఇందులో ప్రవేశం అంతంతమాత్రం. అతను చరిస్తే ఎందుకు చరిచాడా అని రెండు పక్షాలూ అనుమానంగా చూస్తాయి. పైగా గెలిచాక ఏ పార్టీలో చేరినా పదో షెడ్యూలు ప్రకారం అతని సభ్యత్వం పోతుంది. అందువల్ల అతనిది ఎప్పటికీ ఒంటి చేతి చరుపే.

దేశకాల నిర్ణయం

మన చట్టసభల్లో కనిపించేదంతా లండన్ నుంచి దిగుమతి అయిందని కొందరి అభిప్రాయం. విప్ అక్కడిదే, ప్రతిపక్ష నాయకుడు అక్కడివాడే, సభాపతికి కుడివైపు ప్రభుత్వం కూర్చోవడమూ అక్కడిదే. బల్ల చరచడం మాత్రం అక్కడిది కాదని బల్లగుద్ది చెప్పగలను. కారణం తేలిక. హౌస్ ఆఫ్ కామన్స్‌లో సభ్యులకు బల్లల్లేవు. ఆకుపచ్చ తోలు బెంచీలే ఉంటాయి. మధ్యలో ఒక పెద్ద బల్ల ఉన్నా అది ముందు వరుసలో నాయకులకే అందుతుంది. మిగతావాళ్లు గొంతుతో ‘హియర్ హియర్’ అని మూలగడం, చేతిలో కాగితాలు ఊపడం తప్ప ఏమీ చేయలేరు. 650 మంది సభ్యులకు 427 మందికి సరిపడే చోటే ఉంటుంది కాబట్టి బల్ల మాట దేవుడెరుగు, రద్దీ రోజున కూర్చోవడానికే దొరకదు.

ఇది పేదరికం వల్ల వచ్చిన ఇబ్బంది కాదు. 1941లో జర్మన్ బాంబులకు ఆ సభామందిరం కూలిపోయింది. తిరిగి కట్టడం గురించి 1943లో చర్చ వచ్చినప్పుడు, అర్ధచంద్రాకారంగా కట్టి తలా ఒక బల్ల వేసే పద్ధతిని చర్చిల్ గట్టిగా వ్యతిరేకించాడు. కూర్చోవడానికి సీటుతో పాటు రాసుకోవడానికి బల్ల, బాదుకోవడానికి దాని మూత కూడా ఇచ్చిన దేశాల్లో పార్లమెంటరీ పాలనకే చేటు వచ్చిందని ఆయన వాదం. ఆ విధంగా ఈ శాస్త్రానికి తొలి పూర్వపక్షి విన్‌స్టన్ చర్చిల్. యుద్ధం నడుస్తుండగా కూడా బల్ల చప్పుడు గురించి అంత ముందుచూపుతో ఆలోచించాడంటే విషయం చిన్నది కాదని పాఠకులు గ్రహించాలి.

కెనడావాళ్లు బల్లలు వేసుకున్నారు, చరిచారు కూడా. 1977లో వాళ్ల సభలోకి టీవీ కెమెరాలు వచ్చాక, చూసేవాళ్లకు బాగుండదని క్రమంగా చప్పట్లకు మారిపోయారు. మన దగ్గర ఫలితం తలకిందులు. కెమెరా రాకముందు మనిషి అలసిపోతే ఆగేవాడు. ఇప్పుడు నియోజకవర్గంలో చూస్తుంటారు కదా అని ఆగడు.

తాడన లక్షణం

సూత్రం: కన్నో చెవో ముందు, చెయ్యి తర్వాత, బుర్ర వీలుంటే.

దీనికి బడ్జెట్ రోజు ఉదాహరణ. ఆర్థిక మంత్రి చదవడం మొదలుపెట్టి గంట దాటుతుంది. అంకెలు లక్షల కోట్లలో దొర్లుతుంటాయి. ఎక్కడ చరచాలో వినేవాడికి తెలియదు. ‘రెవెన్యూ లోటు’ దగ్గర చరిచాడంటే పరువు పోతుంది. అందుకే మూడో వరుస సభ్యుడు మంత్రి వైపు చూడనే చూడడు. ముందు వరుసలో చీఫ్ విప్ కుడిచెయ్యి మీదే అతని చూపంతా. ఆ చెయ్యి కాగితాల కట్ట పక్కన బోర్లా పడుకుని ఉంటుంది. మంత్రి గ్లాసెడు నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, ‘గౌరవ ముఖ్యమంత్రి గారి దార్శనికతతో’ అనేసరికి అది జానెడు పైకి లేస్తుంది. అది కిందికి దిగేలోపు వెనకాల ముప్ఫై చేతులు దిగిపోతాయి. కునుకు తీస్తున్న సభ్యుడు సైతం కళ్లు తెరవకముందే రెండు దెబ్బలు వేసి, ఆ తర్వాత పక్కాయన్ని ‘ఏం పథకం అన్నా?’ అని అడుగుతాడు. పక్కాయన పెదవి విరుస్తాడు. ఆయనా చేతినే చూశాడు, మాట వినలేదు.

చరుపులో తారతమ్యాలున్నాయి. ముందు వరుసలో మంత్రులు రెండు వేళ్లతో తాటిస్తారు. దీన్ని అంగుళీతాడనం అనాలి. మధ్య వరుసలది కరతాడనం, ఒక అరచెయ్యి. వెనక వరుసలది ఉభయతాడనం, రెండు అరచేతులూ, వీలైతే మోచేతులు కూడా. వెనక్కి పోయేకొద్దీ చప్పుడు ఎందుకు పెరుగుతుందో తెలియాలంటే రాజ్యాంగం చూడాలి. 2003లో వచ్చిన 91వ సవరణ ప్రకారం మంత్రివర్గం, ముఖ్యమంత్రితో కలిపి, శాసనసభ్యుల సంఖ్యలో 15 శాతం మించకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 175 మందికి లెక్కగడితే 26.25 వస్తుంది. ఆ పావు మంత్రిని వదిలేసి 26 దగ్గర ఆపుతారు. తెలంగాణలో 119 మందికి 17.85. ఇక్కడ ఆ 0.85 భాగాన్ని నిండు మనిషిగా లెక్కగట్టి 18 అంటారు. పావు మంత్రికి ఒక నీతి, ముప్పావు మంత్రికి ఒక నీతి ఏమిటని గణిత పండితులు అడగవచ్చు. ఆ ముప్పావులో నుంచి మంత్రి అయినాయన మాత్రం అడగడు.

ఆంధ్రప్రదేశ్‌లో 26 కుర్చీలు పోగా మిగిలిన 149 మందిలో అధికార పక్షం వాళ్లంతా ఎదురుచూస్తూ ఉంటారు. జిల్లా సమీకరణం, కులం సమీకరణం, సీనియారిటీ అన్నీ కుదిరి కూడా పేరు రానివాణ్ణి బుజ్జగించడానికి ప్రభుత్వ విప్ పదవులుంటాయి. చీఫ్ విప్‌కు కేబినెట్ హోదా ఇవ్వడం ఆనవాయితీ. కారు, గన్‌మెన్, ఛాంబరు వస్తాయి. ఫైలు మాత్రం రాదు. విస్తరణ ఉంటుందని పుకారు లేచిన వారంలో సభ నడిస్తే వెనక వరుస బల్లల గతి చెప్పనలవి కాదు.

ఇంకో చిక్కుంది. ప్రతిపక్షం కూడా బల్ల చరుస్తుంది, నిరసనగా. హర్షతాడనానికీ క్రోధతాడనానికీ చప్పుడులో తేడా లేదు. గ్యాలరీలో కూర్చున్న విలేకరి కళ్లు మూసుకుంటే రాయలేడు. ఏ వైపు నుంచి వచ్చిందో చూసి, ఎడమవైపైతే ‘బల్లలు చరుస్తూ నినాదాలు చేశారు’ అనీ, కుడివైపైతే ‘హర్షం వ్యక్తం చేశారు’ అనీ రాస్తాడు. అయిదేళ్లకు ఒకసారి ఇద్దరూ వైపులు మారతారు. బల్లలు మారవు. అదే చెక్క, అదే చెయ్యి కావచ్చు కూడా.

విప్ ప్రకరణం

ఇక అసలు సంగతి. విప్ అంటే మనిషే కాదు, పార్టీ ఆదేశం కూడా. ఆ ఆదేశం మూడు రకాలు. కాగితంలో ఒక గీత గీస్తే ఫలానా రోజు ఓటింగు ఉందని కబురు. రెండు గీతలైతే తప్పక హాజరు కావాలి. మూడు గీతలైతే వచ్చి, పార్టీ చెప్పినట్టే ఓటెయ్యాలి. 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన 52వ సవరణతో రాజ్యాంగానికి పదో షెడ్యూలు అంటుకుంది. అప్పటి నుంచి విప్‌కు ఎదురుగా ఓటేసినా, అనుమతి లేకుండా ఓటెయ్యకుండా కూర్చున్నా, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వం ఊడుతుంది. ప్రభుత్వం బతుకుచావులకూ ముఖ్యమైన విధానాలకూ సంబంధించిన ఓట్లకే ఈ విప్‌ను పరిమితం చేస్తే మంచిదని 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. పార్టీల దృష్టిలో ముఖ్యం కానిదేదీ లేదు గనుక ఆ సలహా సలహాగానే ఉండిపోయింది.

ఇక్కడ శాస్త్రచర్చ మొదలవుతుంది. బల్ల చరచడం ఓటా? కాదు. మాటా? అదీ కాదు. 194వ అధికరణం శాసనసభ్యుడు సభలో చెప్పిన మాటకూ వేసిన ఓటుకూ కోర్టు కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. చరుపు ఊసు అందులో లేదు. పదో షెడ్యూలు ఓటును కట్టేసింది, చరుపును కట్టెయ్యలేదు. మాట్లాడదామంటే పార్టీల బలాన్ని బట్టి సభా వ్యవహారాల సలహా సంఘం సమయం పంచుతుంది. ఆ సమయంలో ఎవరు మాట్లాడాలో ఫ్లోర్ లీడర్ చీటీ పంపుతాడు. మాట ఫ్లోర్ లీడర్‌ది, ఓటు విప్‌ది, టికెట్ అధ్యక్షుడిది. లక్షన్నర, రెండు లక్షల మంది ఓటర్లు పంపిన మనిషికి సొంతమని మిగిలింది ఒక్క అరచెయ్యి. కాబట్టి ప్రజాస్వామ్యం మొత్తం అరచేతిలో ఉందని పూర్వపక్షం.

సిద్ధాంతం ఇంత ఉదారం కాదు. సభ్యుడు ‘స్వచ్ఛందంగా’ పార్టీ వదులుకున్నా అనర్హుడే అని అదే షెడ్యూలు చెబుతుంది. వదులుకోవడమంటే రాజీనామా పత్రమే ఇవ్వనక్కర్లేదు, ప్రవర్తనను బట్టి కూడా నిర్ణయించవచ్చునని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ఆలోచించండి. ఎదుటి పక్షం ముఖ్యమంత్రి మీ ఊరికి వంతెన మంజూరు చేశానన్నాడు. ఇరవై ఏళ్లుగా మీరు అడుగుతున్న వంతెన. చెయ్యి దానంతట అది లేచింది. దించాలా, వద్దా? దించితే ప్రవర్తన అవుతుంది. దించకపోతే రేపు ఊళ్లో అడుగుతారు. అనుభవజ్ఞులు ఇలాంటప్పుడు లేచిన చేత్తో జుట్టు సవరించుకుంటారు. ఈ ముద్రకు శాస్త్రంలో ‘కేశవ్యాజం’ అని పేరు పెడుతున్నాను. బట్టతల సభ్యులు కళ్లజోడు తుడుచుకోవచ్చు.

ఓటింగు వేళ ఈ బాధ లేదు. లోక్‌సభలో దశాబ్దాలుగా వాడిన యంత్రం ఏర్పాటే అలాంటిది. గంట మోగాక సభ్యుడు ఒక చేత్తో ఓటు మీట, మరో చేత్తో అవునో కాదో తటస్థమో తెలిపే బొత్తం ఏకకాలంలో నొక్కి పట్టుకోవాలి. ఒకటి వదిలితే ఓటు పడదు. రెండు చేతులూ కట్టుబడి ఉంటాయి కాబట్టి ఆ పది సెకన్లు చరిచే ప్రసక్తి లేదు. యంత్రం తయారుచేసినవాడు ఇంజినీరో, విప్పో గాని గట్టివాడు.

ఒక్క ఓటుతో రాజ్యాలు పోయిన కథలు రెండు మనకు దగ్గరివే. 1954 నవంబరులో కర్నూలులో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం మద్యనిషేధం గొడవలో వచ్చిన అవిశ్వాస తీర్మానానికి ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అప్పటికి పదో షెడ్యూలు పుట్టలేదు. సభ్యుణ్ణి కట్టేసింది మొహమాటమూ భయమూ మాత్రమే. 1999 ఏప్రిల్ 17న ఢిల్లీలో వాజపేయి ప్రభుత్వం 269కి 270తో ఓడింది. అప్పటికి షెడ్యూలు వచ్చి పద్నాలుగేళ్లు. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటెయ్యవచ్చా అన్న ప్రశ్న వస్తే, సభాపతి స్థానంలో ఉన్న మన జి.ఎం.సి. బాలయోగి దాన్ని ఆయన మనస్సాక్షికి వదిలేశారు. మనస్సాక్షి కాంగ్రెస్ విప్‌తో పూర్తిగా ఏకీభవించింది. అదే రోజు నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ మాట కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసి, పార్టీ నుంచి బహిష్కారం పొందాడు. షెడ్యూలు ఉన్న సభలో ఒకరు తప్పినా, షెడ్యూలు లేని సభలో ఒకరు తప్పినా పడిపోయే సర్కారు పడిపోతూనే ఉంది.

మూజువాణి ఓటు ఈ శాస్త్రానికి వరసకు అన్న. అక్కడ గొంతు, ఇక్కడ చెయ్యి. ‘అవును’ అన్నది ఎక్కువో, ‘కాదు’ అన్నది ఎక్కువో సభాపతి చెవి తేలుస్తుంది. 2014లో రాష్ట్ర విభజన బిల్లును జనవరి 30న హైదరాబాద్ శాసనసభ మూజువాణితో తిప్పికొట్టింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ అదే బిల్లును మూజువాణితోనే ఆమోదించింది. ఢిల్లీ చర్చ సమయంలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది కాబట్టి, ఆ గొంతుల్లో ఏది గట్టిదో తెలుగువాళ్లు సొంత చెవులతో వినలేదు. దీనిమీద వ్యాఖ్యానం రాయడానికి ఇరువైపులా పండితులు ఇప్పటికీ సిద్ధంగా ఉన్నారు కాబట్టి నేను తప్పుకుంటున్నాను.

రాజ్‌భవన్ వ్యాఖ్య

ఏటా మొదటి సమావేశం గవర్నర్ ప్రసంగంతో మొదలు కావాలని 176వ అధికరణం. ప్రసంగం రాసేది మంత్రివర్గం, చదివేది గవర్నర్. ‘నా ప్రభుత్వం’ అని ఆయన అనగానే అధికార పక్షం బల్లలు చరుస్తుంది. ఎవరి మాటకు ఎవరు చరుస్తున్నట్టు? తాము రాసుకున్నది ఇంకొకరి నోట విని తామే మెచ్చుకోవడం స్వతాడనం కిందికి వస్తుంది. స్వతాడనం శాస్త్రంలో నిషిద్ధం. ముఖ్యమంత్రి తన మాటకు తాను చరుచుకోడు, మర్యాద కాదు. గవర్నర్ అడ్డుగా నిలబడటం వల్లనే ఆ దోషం తొలగుతోంది. గవర్నర్ పదవి ఎందుకని అడిగేవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు నాకు ఇంతవరకు కనిపించలేదు.

పదోవంతు సిద్ధాంతం

ప్రతిపక్ష నాయకుడు ఉండాలంటే ఎంత చప్పుడు కావాలి? సభలో పదోవంతు. 543 మంది లోక్‌సభలో 55. ఈ లెక్క తొలి సభాపతి మావ్‌లంకర్ కాలంలో పార్టీలను గుర్తించడానికి పెట్టుకున్న నియమం నుంచి వచ్చింది. పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడి జీతభత్యాల కోసం 1977లో చేసిన చట్టంలో పదోవంతు మాటే లేదు. ప్రతిపక్షాల్లో సంఖ్యాబలం ఎక్కువున్న పార్టీ నాయకుడై, సభాపతి గుర్తింపు ఉంటే చాలు. ఆ ‘గుర్తింపు’ అనే చోట పాత నియమం వచ్చి కూర్చుంది. 2014లో 44, 2019లో 52 తెచ్చుకున్న కాంగ్రెస్ పదేళ్లపాటు లోక్‌సభలో ఆ హోదా లేకుండానే బల్లలు చరిచింది. 2024లో 99 వచ్చాక హోదా వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో 175లో 11 వచ్చిన పార్టీకి 18 కాలేదు కాబట్టి హోదా దక్కలేదు. హోదా ఇస్తేనే సభకు వస్తామని వాళ్లు, వస్తే కదా మాట్లాడేదని వీళ్లు. ఆ వరుసలో బల్లలు మాత్రం కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

తెలంగాణ లెక్క ఇంకా ముచ్చటైనది. 2018 డిసెంబరులో కాంగ్రెస్ తరఫున 19 మంది గెలిచారు. ఒకరు ఎంపీగా గెలిచి రాజీనామా చేయడంతో 18 మిగిలారు. 2019 జూన్‌లో 12 మంది అధికార పక్షంలో విలీనమయ్యారు. 18లో మూడింట రెండు వంతులు సరిగ్గా 12. చట్టం విలీనానికి అడిగేది అంతే. ఆ 19వ సభ్యుడు రాజీనామా చెయ్యకుండా ఉంటే 13 మంది కావలసి వచ్చేది. ఆరుగురే మిగిలిన పార్టీకి ప్రతిపక్ష హోదా పోయింది. ఏడుగురున్న మజ్లిస్ ప్రతిపక్షాల్లో పెద్దదైంది. ఒకరు విడిగా గడప దాటితే ఫిరాయింపు, పన్నెండుమంది కలిసి దాటితే విలీనం. ఒంటి చెయ్యి కంటే గుంపు చరుపు గట్టిదన్న ఈ శాస్త్ర మూలసూత్రాన్ని రాజ్యాంగమే ఆమోదించిందని దీనివల్ల రుజువవుతోంది.

తాడనసన్న్యాసి

సభలో బల్ల చరచకూడనివాడు ఒక్కడే. ఎత్తయిన కుర్చీలో కూర్చునే సభాపతి. ఆయన ముందు కూడా బల్ల ఉంటుంది, సభలో అందరి బల్లలకంటే మంచిది. కాని ముట్టుకోడు. ఓట్లు సమానంగా చీలితే తప్ప ఓటు కూడా వెయ్యడు. 1967లో లోక్‌సభ సభాపతి అయినప్పుడు నీలం సంజీవరెడ్డి పార్టీకే రాజీనామా చేసి ఈ సన్న్యాసాన్ని నిజంగా పుచ్చుకున్నారు. 2008లో సోమనాథ్ ఛటర్జీ ఆ కుర్చీ దిగమని పార్టీ చెప్పినా దిగలేదు. విశ్వాస పరీక్ష ముగిసిన మర్నాడే పార్టీ ఆయన్ను బహిష్కరించింది. వీళ్లు అరుదు. మిగతా వాళ్లకు ఇది అయ్యప్ప దీక్షలాంటిది. మాల ఉన్నన్నాళ్లు నిష్ఠగా ఉంటారు, తీసిన మర్నాడు పాత అలవాట్లు పాత చోటే ఉంటాయి. అయిదేళ్లూ ‘కూర్చోండి, కూర్చోండి’ అన్న పెద్దమనిషి ఎన్నికలు రాగానే అదే పార్టీ టికెట్ కోసం నిలబడాలి కదా. ఇక ఉపసభాపతి గురించి రాద్దామంటే, 17వ లోక్‌సభ అయిదేళ్లూ ఆ పదవి నింపకుండానే ముగిసింది. లేనివాడికి లక్షణం రాయడం శాస్త్రం ఒప్పుకోదు.

ఈ సన్న్యాసికే పదో షెడ్యూలు న్యాయమూర్తి పని అప్పగించింది. ఎవరు ఏ పార్టీవాడో తేల్చవలసినవాడు ఆయనే. తేల్చడానికి గడువు మాత్రం రాయలేదు. 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు మూడు నెలలు సరిపోతాయంది. 2025 జులై 31న తెలంగాణకు చెందిన పదిమంది శాసనసభ్యుల విషయంలో సభాపతికి అదే మూడు నెలల గడువు పెట్టింది. ఈలోగా జరిగిన ఒక ముచ్చట ఉంది. ప్రజాపద్దుల సంఘానికి అధ్యక్షుడు ప్రతిపక్షం నుంచి ఉండాలన్నది 1967లో మీనూ మసానీతో లోక్‌సభలో మొదలైన ఆచారం. 2024లో తెలంగాణలో ఆ పదవికి పేరు ప్రకటించాక, అసలాయన ఇప్పుడు ఏ పక్షం మనిషి అన్నదే పెద్ద గొడవైంది. మీవాడే అని అధికార పక్షం, మీవాడే అని ప్రతిపక్షం. తమవాడని కొట్టుకునే పార్టీలను చూశాం గాని, తమవాడు కాదని ఇంతగా పోట్లాడుకున్న సందర్భం అరుదు.

శాస్త్రానికి అభ్యాసం లేకపోతే నిలవదు కాబట్టి విద్యార్థులకు ఒక ప్రశ్న ఇస్తున్నాను. ఒక సభ్యుడు ఉత్తర పార్టీ బీ ఫారం మీద గెలిచాడు. ముఖ్యమంత్రి ఇంటికి వెళ్లి దక్షిణ పార్టీ కండువా కప్పించుకున్నాడు. అది కండువా కాదు, చలికి కప్పిన శాలువా అని నోటీసుకు జవాబిచ్చాడు. సభలో ఉత్తర పార్టీ వరుసలోనే కూర్చుంటున్నాడు. ముఖ్యమంత్రి మాట్లాడుతుండగా అతని కుడిచెయ్యి బల్లమీద మూడుసార్లు పడింది. దోమ కోసమని అతని వాదన. దోమ దొరకలేదు. అతను ఏ పార్టీ సభ్యుడు? విద్యార్థులకు మూడు గంటల సమయం. సభాపతులైతే మూడు నెలలు తీసుకోవచ్చు.